నానో పదార్థాల పరీక్షలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు

కారు పొగగొట్టంలో అమర్చే ఉత్ప్రేరక డబ్బాను కోసి చూస్తే లోపల తేనెపట్టులా గదులు గదులుగా ఉన్న పింగాణీ దిమ్మె కనిపిస్తుంది. ఆ గదుల గోడలకు అల్యూమినా పూత ఉంటుంది. పొగలోని విషవాయువులను విరిచేసే ప్లాటినం, పల్లాడియం, రోడియం లోహాలు మాత్రం కంటికి ఎక్కడా ఆనవు. అవి ఆ పూత రంధ్రాల్లో నానోమీటర్ల రేణువులుగా అంటుకుని ఉంటాయి. 3 నానోమీటర్ల ప్లాటినం రేణువులో దాదాపు 900 పరమాణువులుంటాయి. వాటిలో మూడో వంతుకు పైగా ఉపరితలం మీదే ఉంటాయి, పని చేసేవి అవే. ఇంజన్ వేడికి రేణువులు కదిలి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 3 నానోమీటర్ల రేణువులు ఎనిమిది కలిసి 6 నానోమీటర్ల రేణువు ఒకటైతే లోహం బరువు రవ్వంత కూడా తగ్గదు, కానీ పనిచేసే ఉపరితలం సగమైపోతుంది. తూకం వేసినా, లోహం ఎంతుందో రసాయన విశ్లేషణ చేసినా ఈ నష్టం దొరకదు. రేణువులను చూడాలి, చూసి కొలవాలి. పరిశ్రమలో ఆ పని చేసే ప్రధాన సాధనం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు.

పొడవు, వెడల్పు, మందాల్లో ఏదో ఒకటైనా సుమారు 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే పదార్థాలను నానో పదార్థాలంటారు. టైరు రబ్బరులో కలిపే కార్బన్ మసి, సన్‌స్క్రీన్‌లోని జింక్ ఆక్సైడ్, చిప్‌లోని హాఫ్నియం పొర, క్యాన్సర్ మందును మోసుకెళ్ళే లైపోజోమ్, అన్నీ ఈ కోవలోవే. వీటి గుణం వీటి రసాయన సూత్రంలో కంటే పరిమాణం, ఆకారం, అమరికల్లో ఎక్కువగా ఉంటుంది. అందుకే కొనేవాడు, అమ్మేవాడు, అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ కూడా మైక్రోస్కోపు రిపోర్టు అడుగుతారు. ఆ రిపోర్టులో బొమ్మ ఒక భాగమే. ఆ బొమ్మ సరుకు మొత్తానికి ఎంతవరకు సాక్ష్యం చెప్పగలదన్నది అంతకంటే ముఖ్యమైన భాగం, ఎక్కువగా మరిచిపోయేది కూడా అదే.

పరికరం వెనుక కథ

మామూలు సూక్ష్మదర్శిని ఎంత మంచిదైనా సుమారు 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపలేదు. కాంతి తరంగదైర్ఘ్యమే దానికి హద్దు అని ఎర్న్‌స్ట్ అబ్బే 1873లో తేల్చాడు. ఎలక్ట్రాన్‌కు కూడా తరంగ స్వభావం ఉందని 1924లో లూయీ డి బ్రోలీ చెప్పాడు. రెండేళ్ళకు హాన్స్ బుష్ తీగచుట్టలోని అయస్కాంత క్షేత్రం ఎలక్ట్రాన్లకు కటకంలా పనిచేస్తుందని లెక్క కట్టాడు. బెర్లిన్ సాంకేతిక విద్యాలయంలో మాక్స్ నాల్, ఎర్న్‌స్ట్ రుస్కా 1931లో తొలి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును నిలబెట్టారు. 1933 నాటికి రుస్కా దాన్ని కాంతి సూక్ష్మదర్శినిని దాటించాడు. 1939లో జర్మనీలో సీమెన్స్ కంపెనీ దీన్ని అమ్మకానికి తెచ్చింది. రుస్కాకు నోబెల్ బహుమతి 1986లో గానీ రాలేదు. అప్పటికి ఆయన వయసు దాదాపు 80.

300 కిలోవోల్టుల దగ్గర ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం దాదాపు 0.002 నానోమీటర్లు, అంటే పరమాణువు కంటే వంద రెట్లు చిన్నది. అయినా పరమాణువులు వెంటనే కనిపించలేదు, అడ్డు కటకం దగ్గర వచ్చింది. గుండ్రటి అయస్కాంత కటకాలకు గోళీయ దోషం తప్పదని ఒట్టో షెర్జర్ 1936లో గణితంతో నిరూపించాడు. ఆ దోషాన్ని దిద్దే కటకాల వరుస నిజంగా పనిచేయడానికి ఆరు దశాబ్దాలు పట్టింది. 1990ల చివర హరాల్డ్ రోజ్, మాక్సిమిలియన్ హైదర్, నూట్ ఉర్బాన్ ఒకవైపు, ఒండ్రే క్రివానెక్ మరోవైపు ఆ పని సాధించారు. ఈ నలుగురికీ 2020లో కావ్లీ బహుమతి వచ్చింది. ఈ రోజు దోషం దిద్దిన మైక్రోస్కోపు 0.05 నానోమీటర్ల దాకా విడదీసి చూపగలదు. 2018లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ముల్లర్ బృందం కంప్యూటర్ లెక్కల సాయంతో 0.039 నానోమీటర్లకు చేరింది.

సెమ్, టెమ్

ప్రయోగశాలల్లో అందరూ వాడే పేర్లు రెండు. సెమ్ అంటే స్కానింగ్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. ఇందులో సన్నటి ఎలక్ట్రాన్ పుంజం నమూనా పైభాగాన్ని వరుస వరుసగా తడుముకుంటూ పోతుంది. పొలం దున్నే నాగలి చాలు వెంబడి చాలు తీసినట్టే ఉంటుంది ఆ కదలిక. తగిలిన ప్రతి చోటా నమూనా నుంచి బయటపడే తక్కువ శక్తి ఎలక్ట్రాన్లు ఎత్తుపల్లాలను చూపిస్తాయి. వెనక్కు తిరిగి వచ్చే ఎక్కువ శక్తి ఎలక్ట్రాన్లు బరువైన మూలకాలను తెల్లగా, తేలికైనవాటిని నల్లగా చూపిస్తాయి. కేంబ్రిడ్జిలో చార్లెస్ ఓట్లీ, ఆయన విద్యార్థులు పదిహేనేళ్ళకు పైగా పట్టుబట్టి రూపొందించిన ఈ పరికరం 1965లో స్టీరియోస్కాన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. మంచి సెమ్ 1 నానోమీటరు దాకా చూపుతుంది. ఫ్యాక్టరీ పనిలో ఎక్కువ భాగం దీనితోనే గడిచిపోతుంది.

టెమ్ అంటే ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. ఇందులో ఎలక్ట్రాన్లు నమూనా గుండా దూసుకుపోవాలి. కాబట్టి నమూనా మందం 100 నానోమీటర్లకు లోపే ఉండాలి, పరమాణువులు కనిపించాలంటే అందులో సగం కూడా ఎక్కువే. ఈ రెండింటినీ కలిపి, సన్నటి పుంజంతో తడుముతూ నమూనాను దాటి వచ్చిన ఎలక్ట్రాన్లను పట్టుకునే పద్ధతికి స్టెమ్ అని పేరు. 1970లో షికాగోలో ఆల్బర్ట్ క్రూ విడి పరమాణువులను చూసింది ఈ పద్ధతిలోనే. పెద్ద కోణంలో చెదిరిన ఎలక్ట్రాన్లను మాత్రమే ఏరుకుంటే బరువైన పరమాణువు చీకట్లో మిణుగురులా మెరుస్తుంది. అల్యూమినా మీద ప్లాటినం ఎక్కడుందో చూడాలంటే ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

బొమ్మతో పాటు మూలకాల లెక్క కూడా కావాలి. పుంజం తగిలినప్పుడు ప్రతి మూలకం తన సొంత శక్తితో ఎక్స్ కిరణాలు వదులుతుంది. వాటిని కొలిచే డిటెక్టరుకు ఈడీఎస్ అని పేరు. ఇది చకచకా పనిచేస్తుంది, కానీ అనుభవం లేనివారిని మోసం చేస్తుంది. గ్రిడ్ అనే చిన్న రాగి జల్లెడ మీద నమూనా పెడితే లేని రాగి రిపోర్టులో కనిపిస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ పొడికి కరెంటు పోవడానికని ప్లాటినం పూత వేస్తే, ప్లాటినం గీత, భాస్వరం గీత దాదాపు ఒకేచోట పడి భాస్వరం లెక్క పాడవుతుంది. లిథియం గీత శక్తి మరీ తక్కువ కాబట్టి మామూలు ఈడీఎస్‌కు అందదు. బ్యాటరీ పదార్థంలో అసలు మూలకం ఈడీఎస్ పట్టికలో లేకపోవడానికి కారణం ఇదే. లిథియం, ఆక్సిజన్ లాంటి తేలిక మూలకాలకు, వాటి రసాయన స్థితికి ఈల్స్ అనే పద్ధతి కావాలి. నమూనా గుండా వెళ్ళిన ఎలక్ట్రాన్ ఎంత శక్తి పోగొట్టుకుందో అది చెబుతుంది. ఇక స్ఫటికాల అమరిక తెలియాలంటే ఎలక్ట్రాన్ వివర్తనం చూడాలి. 1982లో డాన్ షెక్ట్‌మన్ క్వాజీ స్ఫటికాలను కనిపెట్టింది టెమ్‌లో ఒక అల్యూమినియం, మాంగనీసు మిశ్రలోహం ఇచ్చిన వివర్తన చుక్కలను చూసే. చాలా మంది నమ్మలేదు. ఆయనకు 2011లో నోబెల్ వచ్చింది.

నమూనా తయారీ

మైక్రోస్కోపు ఖరీదు కోట్లలో ఉంటుంది, ఫలితం మాత్రం దాని ముందు జరిగే చేతిపని మీద ఆధారపడుతుంది. పొడి పరీక్షనే తీసుకుందాం. చిటికెడు పొడిని సీసాలో ఆల్కహాల్‌లో వేసి, అల్ట్రాసోనిక్ తొట్టిలో కాసేపు కదిలించి, పిపెట్‌తో ఒక చుక్క తీసి, సగ్గుబియ్యం గింజంత వెడల్పున్న రాగి గ్రిడ్ మీద వదిలి ఆరబెడతారు. గ్రిడ్ అడ్డుకొలత 3 మిల్లీమీటర్లు, దాని మీద పలచటి కార్బన్ పొర ఉంటుంది. పని చూడటానికి ఇంతే. కానీ పెద్ద రేణువులు సీసా అడుగుకు దిగిపోతాయి, పిపెట్ పైనుంచి తీస్తుంది. చుక్క ఆరేటప్పుడు, బల్ల మీద ఒలికిన కాఫీ ఆరితే అంచున గీత మిగిలినట్టు, రేణువులు అంచుకు కొట్టుకుపోయి ముద్దలవుతాయి. బొమ్మలో కనిపించే ముద్ద సరుకులోనే ఉందా, గ్రిడ్ మీద పుట్టిందా అన్నది ఆ బొమ్మ చెప్పలేదు. అదే పొడిని పొడిగానే గ్రిడ్ మీద చల్లి మరో నమూనా చూడాలి. రెండింటినీ పోల్చాకే ముద్దల గురించి మాట్లాడాలి.

సెమ్ నమూనా తయారీ కొంత తేలిక. అల్యూమినియం స్టబ్ మీద కార్బన్ టేపు అంటించి, పొడి చల్లి, అంటుకోని పొడిని గాలితో ఊదేస్తారు. కరెంటు పోనివ్వని పదార్థమైతే కొన్ని నానోమీటర్ల బంగారమో కార్బనో పూస్తారు. పూత లేకపోతే ఎలక్ట్రాన్లు పేరుకుని బొమ్మ తెల్లగా మెరిసి జరిగిపోతుంటుంది. కానీ 10 నానోమీటర్ల రేణువు మీద 5 నానోమీటర్ల బంగారం పూసి కొలిస్తే కొలిచింది బంగారాన్నే. ఇలాంటి చోట పూత మానేసి, వోల్టేజీ 1 కిలోవోల్టుకు దించి చూడటం మంచిది.

చిప్‌ల విషయానికొస్తే ఈ చేతిపని ఒక కళ స్థాయికి చేరింది. పాడైన ట్రాన్సిస్టర్ చిప్‌లో ఎక్కడుందో విద్యుత్ పరీక్షలతో ముందు గుర్తిస్తారు. తర్వాత ఫిబ్ అనే పరికరంలో గాలియం అయాన్ల పుంజంతో సరిగ్గా ఆ చోటును చెక్కుతారు. మొదట ఆ చోటు పైన ఎలక్ట్రాన్ పుంజంతోనే పలచటి ప్లాటినం పట్టీ వేస్తారు. అయాన్లతో నేరుగా మొదలుపెడితే చూడాల్సిన పై పొరే చెడిపోతుంది. పట్టీకి రెండు పక్కలా గోతులు తవ్వితే మధ్యలో గోడలాంటి పలక మిగులుతుంది. పది, పదిహేను మైక్రోమీటర్ల పొడవు, ఒకటి రెండు మైక్రోమీటర్ల మందం. దాని అడుగు కోసి, టంగ్‌స్టన్ సూది కొనను ప్లాటినంతో పలకకు అతికించి, మెల్లగా పైకెత్తి గ్రిడ్ పంటికి అతికిస్తారు. ఇక అక్కణ్ణుంచి పలచబరచడమే. 30 కిలోవోల్టుల గాలియం అయాన్లు సిలికాన్ పలకకు ఇరువైపులా దాదాపు 20 నానోమీటర్ల మేర స్ఫటికాన్ని చెరిపేస్తాయి. అంటే పలక 50 నానోమీటర్లుంటే నిజమైన స్ఫటికం మధ్యలో 10 నానోమీటర్లే. అందుకే చివరి మెరుగు 5 కిలోవోల్టులకు, తర్వాత 2 కిలోవోల్టులకు దించి పెడతారు. అప్పుడు చెడిన పొర రెండు మూడు నానోమీటర్లకు తగ్గుతుంది. సూది పట్టుకున్న మనిషి ఊపిరి బిగబట్టి చేసే పని ఇది. పలక వంగినా, ఎగిరిపోయినా పాడైన ఆ ఒక్క ట్రాన్సిస్టర్ మళ్ళీ దొరకదు.

అన్ని పదార్థాలకూ గాలియం పనికిరాదు. అల్యూమినియంలో అది స్ఫటికాల సరిహద్దుల వెంట చొరబడి కూర్చుంటుంది. అలాంటప్పుడు జినాన్ ప్లాస్మా వాడే యంత్రం కావాలి. ప్లాస్టిక్కులు, రబ్బరు అయితే గడ్డకట్టించి వజ్రపు కత్తితో పలచటి పొరలు కోస్తారు. ద్రవంలో తేలే లైపోజోముల్లాంటివాటికి క్రయో పద్ధతి ఉంది. పలచటి నీటి పొరను ద్రవ ఈథేన్‌లో ముంచి, మంచు స్ఫటికాలు ఏర్పడే వ్యవధి కూడా ఇవ్వకుండా గాజులా బిగిస్తారు. అమెరికాలో 1995లో అనుమతి పొందిన డాక్సిల్ అనే క్యాన్సర్ మందును ఇలా చూస్తే ప్రతి లైపోజోమ్ లోపలా మందు పుల్లలా స్ఫటికంగా కట్టుకుని, మొత్తం కాఫీ గింజలా కనిపిస్తుంది. అదే మందును జెనరిక్‌గా చేసే కంపెనీ తన లైపోజోమ్ ఆకారం, అందులోని మందు స్థితి అసలుదానితో సరిపోతాయని అమెరికా ఔషధ సంస్థకు చూపాలి. జెనరిక్ ఇంజెక్షన్లు చేసే కంపెనీలు బోలెడున్న హైదరాబాద్‌కు ఇది దూరపు విషయమేమీ కాదు.

లెక్కపెట్టడం

ఒక బొమ్మ చూపించి ‘మా రేణువులు 2 నానోమీటర్లు’ అనడం తేలిక. వెయ్యి రేణువులు కొలిచి అన్నీ 2 నానోమీటర్లే అనడం కూడా సరిపోకపోవచ్చు. 20 నానోమీటర్ల రేణువు ఒక్కటి 2 నానోమీటర్ల రేణువులు వెయ్యింటితో సమానమైన బరువు తూగుతుంది. వెయ్యి చిన్నవాటి మధ్య ఆ ఒక్క పెద్దది మన కంట పడకపోతే, ప్లాటినంలో సగం ఎక్కడుందో మనకు తెలియనట్టే. సంఖ్యల సగటు, బరువుల సగటు వేరు వేరు. పరిశ్రమలో డబ్బు బరువుకు చెల్లిస్తారు, యూరోపియన్ యూనియన్ నానో నిర్వచనం మాత్రం సంఖ్య చూస్తుంది. 2011లో ఇచ్చి 2022లో సవరించిన ఆ నిర్వచనం ప్రకారం పొడిలో రేణువుల సంఖ్యలో సగమో అంతకంటే ఎక్కువో 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉంటే అది నానో పదార్థం. మిగతా కొలత పద్ధతులు చాలావరకు ముద్దనూ రేణువునూ విడదీయలేవు కాబట్టి ఇక్కడ చివరి మాట ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుదే. టెమ్‌తో రేణువుల పరిమాణం కొలిచే తీరుకు 2020లో, సెమ్‌కు 2021లో అంతర్జాతీయ ఐఎస్ఓ ప్రమాణాలు వచ్చాయి.

కొలబద్ద కూడా ముఖ్యం. స్క్రీన్ మీద కనిపించే స్కేలు గీతను గుడ్డిగా నమ్మకూడదు. స్ఫటికంలోని పరమాణు వరుసల మధ్య దూరం ప్రకృతి ఇచ్చిన కొలబద్ద. బంగారంలో ఒక వరుస దూరం 0.235 నానోమీటర్లు, సిలికాన్‌లో 0.314. చిప్ పలకను చూసేటప్పుడు ఈ కొలబద్ద నమూనాలోనే ఉంటుంది, అది పెద్ద వరం. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ 10, 30, 60 నానోమీటర్ల బంగారు రేణువులను సీసాల్లో ప్రామాణిక నమూనాలుగా తెచ్చింది. 10 నానోమీటర్ల సీసా ధ్రువపత్రం చదివి తీరాల్సిన కాగితం. టెమ్‌లో 8.9, సెమ్‌లో 9.9, ద్రవంలో కాంతి చెదరడాన్ని కొలిచే పద్ధతిలో 13.5 నానోమీటర్లు. సీసా ఒకటే, రేణువులూ అవే. టెమ్ లోహాన్ని చూస్తుంది, కాంతి పద్ధతి రేణువుతో పాటు కదిలే ద్రవపు పొరను కూడా కలిపి కొలుస్తుంది, పైగా పెద్దవాటికి ఎక్కువ విలువ ఇస్తుంది. రెండు కంపెనీలు వేర్వేరు పద్ధతుల అంకెలతో వాదించుకుంటే ఇద్దరిదీ నిజమే కావచ్చు. ఏ పద్ధతి, ఎన్ని రేణువులు, ఎన్ని గ్రిడ్లు, ఏ తయారీ అన్నది రాయని రిపోర్టును వెనక్కు పంపడమే మేలు.

ఈ సాధనం ఎంత తక్కువ చూస్తుందో చెప్పడానికి టెమ్ పాఠ్యపుస్తకాల్లో ఒక లెక్క కనిపిస్తుంది. 1970 ప్రాంతంలో స్వాన్ అనే నిపుణుడు అంచనా వేసిన ప్రకారం, అప్పటిదాకా ప్రపంచంలోని టెమ్‌లన్నీ కలిసి చూసిన పదార్థం 0.3 ఘన మిల్లీమీటర్లు. అంటే ఒక ఆవగింజ పాటి కూడా కాదు. ఒక టన్ను పొడిలో నుంచి గ్రిడ్ మీదకు చేరేది ఎంతో ఊహించుకోవచ్చు. కాబట్టి ధాన్యం బస్తాకు పైనా, మధ్యలో, అడుగునా బొక్కు పొడిచి చూసే వ్యాపారి జాగ్రత్త ఇక్కడా కావాలి. వరుసగా ముందే నిర్ణయించుకున్న చోట్ల బొమ్మలు తీయాలి తప్ప అందంగా ఉన్న చోటు వెతుక్కుని తీయకూడదు. ఎక్స్ కిరణ వివర్తనం, వాయువు పీల్పు పద్ధతి సరుకు మొత్తం సగటును చెబుతాయి. వాటితో మైక్రోస్కోపు అంకె కలవకపోతే ఆ తేడాకు కారణం దొరికే వరకు వదలకూడదు. ఈ మధ్య రేణువుల లెక్కను కంప్యూటర్ ప్రోగ్రాములకు అప్పగిస్తున్నారు. వేల రేణువులు నిమిషాల్లో తేలుతున్నాయి, అది నిజంగా మేలు. కానీ ఒకదాని మీద ఒకటి పడిన రేణువులను ఒకటిగా లెక్కపెట్టే తప్పు వేలసార్లు జరిగినంత మాత్రాన ఒప్పు కాదు.

టైరు, చిప్, బ్యాటరీ

పరిశ్రమలో ఈ పరికరం తొలి గిరాకీల్లో ఒకటి టైరు నలుపు. రబ్బరుకు బలమిచ్చే కార్బన్ మసి రేణువులను 1940ల్లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో కొలవడం మొదలైంది. మసి రకాల పేర్లలో ఎన్ తర్వాత వచ్చే మొదటి అంకె, ఎన్110, ఎన్330, ఎన్660 లాంటివాటిలో, మొదట్లో ఆ రేణువుల సగటు పరిమాణాన్ని బట్టి పెట్టిందే. అంకె పెరిగేకొద్దీ రేణువు పెద్దది. రేణువులు విడిగా ఉండవు, ద్రాక్ష గుత్తుల్లా అతుక్కుని ఉంటాయి. ఆ గుత్తి ఆకారమే టైరు అరుగుదలను మారుస్తుంది.

చిప్ ఫ్యాక్టరీలో సెమ్ రోజూ పనిచేసే కాపలాదారు. 1984లో హిటాచీ తెచ్చిన ఎస్6000తో గీతల వెడల్పు కొలిచే ప్రత్యేక సెమ్‌లు మొదలయ్యాయి. పొరను కోయకుండా, పూత పూయకుండా, కొన్ని వందల వోల్టులతో గీత అంచులను చూసి వెడల్పు చెబుతాయి. అంచు దగ్గర బొమ్మ తెల్లటి పట్టీలా వెలుగుతుంది. ఆ పట్టీలో అసలు అంచు ఎక్కడ అన్నది నిర్ణయించేది సాఫ్ట్‌వేర్. అదీ గాక, గీతలు గీయడానికి వాడే రెసిస్టు పొర ఎలక్ట్రాన్ తగలగానే కొంచెం కుంచించుకుపోతుంది, అంటే కొలవడమే కొలతను మారుస్తోంది. ‘3 నానోమీటర్ల చిప్’ అన్నది వ్యాపార నామమే. అందులో గేటు నుంచి గేటుకు దూరం ఇప్పటికీ 40 నానోమీటర్లకు పైనే. అయినా అందులోని సన్నటి భాగాలు పలక మందం కంటే చిన్నవి. కాబట్టి టెమ్ బొమ్మలో ముందు వెనుకలున్నవి ఒకదాని మీద ఒకటి పడి, పదునైన సరిహద్దు కూడా అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. ఆ మసకను చూసి లోహం పొరలోకి చొరబడిందని తేల్చేస్తే ఫ్యాక్టరీలో తప్పు లేని దశను ఆపేసినట్టవుతుంది.

ఉత్ప్రేరకాలు శూన్యంలో ఒకలా, వాయువు మధ్య మరోలా ఉంటాయి. డెన్మార్క్‌లోని టాప్సో కంపెనీ శాస్త్రవేత్తలు 2002లో మైక్రోస్కోపు లోపల కొద్దిగా వాయువు నింపి, మెథనాల్ తయారీలో వాడే రాగి నానో స్ఫటికాలు చుట్టూ ఉన్న వాయువును బట్టి ఆకారం మార్చుకోవడం, వాయువు మారగానే తిరిగి పాత ఆకారానికి రావడం చూపించారు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం ఇదే. అంతవరకు నిర్జీవమైన ఫొటోగా ఉన్న ఉత్ప్రేరకం కదలడం మొదలైంది. అయితే ఆ వాయువు పీడనం ఫ్యాక్టరీ రియాక్టరు పీడనంలో అతి చిన్న పాలు మాత్రమే.

బ్యాటరీల్లోనూ ఈ ప్రత్యక్ష పరిశీలన ఒక పనికొచ్చే అంకెను ఇచ్చింది. సిలికాన్ లిథియాన్ని ఎక్కువగా పట్టుకుంటుంది కానీ ఉబ్బి పగిలిపోతుంది. 2012లో టెమ్ లోపలే ఛార్జి చేసి చూసినప్పుడు సుమారు 150 నానోమీటర్ల కంటే చిన్న సిలికాన్ రేణువులు పగలలేదు. పొడి ఎంత మెత్తగా ఉండాలో అది చెప్పింది. లిథియం లోహం గాలికి, పుంజానికి ఆగదు. 2017లో స్టాన్‌ఫర్డ్‌లో యీ చుయ్ బృందం దాన్ని క్రయో పద్ధతిలో గడ్డకట్టించి, ఛార్జింగ్‌లో పెరిగే లిథియం ముళ్ళను పరమాణు స్థాయిలో చూపించింది. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. నికెల్ ఎక్కువగా ఉన్న క్యాథోడ్ పొడి వాడుకలో పాతబడితే ఉపరితలం ఆక్సిజన్ పోగొట్టుకుని రాతి ఉప్పు అమరికకు మారుతుంది. ఎలక్ట్రాన్ పుంజాన్ని ఎక్కువసేపు నిలిపినా సరిగ్గా అదే మార్పు వస్తుంది. కొత్త పొడి నమూనాను అదే మోతాదులో పక్కన పెట్టి చూడని పరిశీలన, బ్యాటరీ చేసిన నష్టాన్ని చూపిందో పుంజం చేసిన నష్టాన్ని చూపిందో తేల్చలేదు.

ఉక్కు: పాతదీ కొత్తదీ

తెలంగాణలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు మూసల్లో ఉక్కు ముద్దలు కరిగించిన ఊరు. ఆ ముద్దల కోసం పర్షియా వ్యాపారులు అక్కడికి వచ్చేవారు. దక్షిణ భారతం నుంచి వెళ్ళిన ఇలాంటి ఉక్కే పశ్చిమాసియాలో డమాస్కస్ కత్తులుగా మారింది. ఇంగ్లిషువారు దాన్ని వూట్జ్ అన్నారు. ఆ మాట మన ‘ఉక్కు’ నుంచే పుట్టిందని చాలామంది పండితుల అభిప్రాయం. 2006లో డ్రెస్డెన్‌లో పీటర్ పాఫ్లర్ బృందం 17వ శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కను ఆమ్లంలో కరిగించి, మిగిలినదాన్ని టెమ్‌లో చూసి కార్బన్ నానో గొట్టాలు, సిమెంటైట్ నానో తీగలు ఉన్నాయని ప్రకటించింది. వార్త ప్రపంచమంతా పాకింది. మన కొలిమి పనివాళ్ళకు నానో శాస్త్రం తెలుసన్న మాటలు కూడా వినిపించాయి. బొమ్మలో గొట్టాలు కనిపించిన మాట నిజం. కత్తి పదునుకు, బలానికి ఆ గొట్టాలే కారణమని మాత్రం ఆ బొమ్మ చెప్పలేదు, ఆ తర్వాతా ఎవరూ నిరూపించలేదు. కరిగించగా మిగిలిన కాసింత పదార్థం కత్తి మొత్తానికి ఎంతవరకు సాక్ష్యమని లోహ నిపుణులు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. కోనసముద్రం కమ్మరుల నేర్పు గొప్పది. అది మూస మట్టిలో, బొగ్గులో, కొలిమిని చల్లార్చే ఓపికలో ఉంది. దాన్ని గౌరవించడానికి నానో గొట్టాల అవసరం లేదు.

నేటి ఉక్కులో నానో రేణువులు కావాలని కలిపినవే. ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ ఇంధన గొట్టాల కోసం 9 శాతం క్రోమియం ఉన్న ఉక్కులో ఇట్రియం ఆక్సైడ్ చెదరగొట్టిన రకం ఒకటి మన దేశంలో రూపొందింది. కల్పాక్కంలోని ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రం, హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ కలిసి చేసిన పని అది. ఉక్కు పొడినీ ఆక్సైడ్ పొడినీ ఉక్కు గుండ్ల మిల్లులో గంటల తరబడి దంచితే ఆక్సైడ్ ఉక్కులో కలిసిపోతుంది. తర్వాత వేడిచేసి ఒత్తిడితో కడ్డీగా తోసినప్పుడు ఇట్రియం, టైటానియం, ఆక్సిజన్ కలిసి 2 నుంచి 5 నానోమీటర్ల రేణువులుగా మళ్ళీ బయటపడతాయి. అధిక వేడిలో ఉక్కు సాగిపోకుండా పట్టి ఉంచేవి ఇవే. మిల్లులో ఎంతసేపు దంచాలి, ఏ వేడి దగ్గర తోయాలి అన్న నిర్ణయాలకు ఆధారం టెమ్‌లో ఈ రేణువుల పరిమాణం, ఒకదానికొకటి ఎడం. ఉక్కు అయస్కాంతానికి లొంగుతుంది కాబట్టి మందమైన రేకు మైక్రోస్కోపు కటకం క్షేత్రాన్నే వంచి బొమ్మను జరిపేస్తుంది. అందుకని ఫిబ్‌తో కోసిన అతి చిన్న పలకనో, కార్బన్ పొర మీదకు రేణువులను మాత్రమే ఊడదీసిన నమూనానో వాడతారు. పలకలో రేణువులు తమ చోటనే ఉంటాయి కానీ కొద్దిగానే దొరుకుతాయి. ఊడదీసిన పొరలో చాలా దొరుకుతాయి, ఎడం ఎంతో మాత్రం తెలియదు, 2 నానోమీటర్లవి కొన్ని ఆమ్లంలో కొట్టుకుపోతాయి కూడా. గొట్టాల ప్రతి విడతకూ ఈ రెండు రకాల నమూనాలూ చూడాల్సిందే.